టోకు మెచ్చుకోళ్లు

పెళ్లయ్యేనాటికి నా చేతిలో ఏముందో ముందు చెప్పేస్తాను. ఒక గుండీల కొట్టు. మూడు గోడలకీ నేల నుంచి పైకప్పు దాకా చిన్న చిన్న సొరుగులు, వాటిలో సగం మా నాన్న మోజుపడి కొని అమ్ముకోలేకపోయిన సరుకు. కొట్టు మీద రెండు గదుల ఇల్లు, ఆ ఇంట్లో మా అమ్మ. జిప్పు కోసం వచ్చినవాడి చేత దారం కూడా కొనిపించి పంపే నోరు. వీటితోపాటు ఒక పద్ధతి కూడా ఉండేది. మంచి మాటని మంచి సరుకులాగే చూడాలి, కొనడానికి వచ్చినవాళ్ల మీదే ఖర్చుపెట్టాలి. "ఏం ఎంపికమ్మా మీది, ఈ రంగు ఇంకెవరి కంటా పడలేదు" అని పొద్దుట్నుంచి సాయంత్రం దాకా ధారాళంగా పంచేవాణ్ణి. మెట్లెక్కి ఇంట్లోకి వెళ్లేసరికి కొట్టుతోపాటు నోరూ కట్టేసేవాణ్ణి. ఇంట్లో ఉన్నది మనవాళ్లే కదా, వాళ్లకి అమ్మేదేముంది?

పెళ్లయిన కొత్తలో మా ఆవిడ నాకు భోజనం అందించడానికి కొట్లోకి దిగింది. నేను తింటున్నంతసేపూ ఊరికే కూర్చోలేక సొరుగులు లాగి చూసింది. నేను చెయ్యి కడుక్కునేలోపు, "ఈ సొరుగులోవి ఆ సొరుగులో కలిసిపోయాయండీ" అంది. కలిసిపోయి ఎన్నేళ్లయిందో నాకే తెలియదు. మర్నాడు కౌంటరుకి అటువైపు ఆవిడకో స్టూలు వేశాను.

మా కొట్లో పని ఎలా ఉంటుందంటే, ప్రతి సొరుగు బయటా నమూనాగా ఒక గుండీ అతికించి ఉంటుంది. జనం చొక్కానో కోటునో పట్టుకొచ్చి, ఊడిపోయినదానికి జత కావాలంటారు. నేనైతే నాలుగైదు సొరుగులు లాగి, వెలుతురులోకి తీసుకెళ్లి, కళ్లు చికిలించి, చివరికి "ఇదే అనుకోండి, ఎవరు చూడొచ్చారు" అని అంటగట్టేవాణ్ణి. మా ఆవిడ మాత్రం ఆ గుండీని బొటనవేలితో ఒక్కసారి తడిమి, వెనక్కి తిరక్కుండానే చెయ్యి చాపి సరైన సొరుగు లాగేది. ఏడాది తిరిగేసరికి వీధివీధంతా ఆవిడని గుండీలమ్మ అనడం మొదలుపెట్టింది. ఎదుటి కొట్టు దర్జీ ఒక్కడే వదినా అనేవాడు, నన్ను అన్నా అనేవాడు. వరస కలిపితే దారం రీలు ధర తగ్గుతుందని వాడి ఆశ.

ఏళ్ల తరబడి అలా బాగానే నడిచింది. ఒకరోజు కోట్లు తయారుచేసే కంపెనీ నుంచి ఒక మేడమ్ వచ్చింది. కొత్త రకం కోటుకి గుండీలు ఎంచుకుంటోంది. ఆవిడ పక్కకి పెట్టుకున్నవాటిని మా ఆవిడ వెనక్కి తోసి, "కోటు చూస్తే మెత్తగా ఉంది, ఇవేమో కసురుకుంటున్నట్టున్నాయి" అని వేరే సొరుగు లాగింది. మేడమ్ పకపకా నవ్వింది. వారం తిరక్కుండా మళ్లీ వచ్చి, "మా కంపెనీలో గుండీలు, జిప్పులు, లేసులు ఎంపిక చేసే పని ఉంది, వస్తారా? నెలాఖరులోపు చెప్పండి" అని అడిగింది. నా కొట్లో, నా కౌంటరు ముందు నిలబడి, నా మనిషిని!

ఆ సాయంత్రం మా ఆవిడ నన్ను అడిగింది. "ఏమంటారు?"

"నీ ఇష్టం" అన్నాను.

"మీ 'నీ ఇష్టం' సంగతి నాకు తెలీదా? టోకు వ్యాపారి ధర దించనప్పుడు కూడా ఇదే మాట అని మెట్టు దిగుతారు, వాడు వెనక్కి పిలుస్తాడేమోనని చెవి అక్కడే పెట్టి."

నిజమే. ఆవిడ వెళ్లకూడదనే నా కోరిక. ఆవిడ లేని కొట్టుని ఊహించుకుంటే చిల్లుపడ్డ సంచీలా కనిపించింది. కానీ ఆ మాట పైకి అంటే, బేరంలో మన అవసరాన్ని ఎదుటివాడి చేతిలో పెట్టినట్టే. అందుకని అనలేదు.

ఆవిడ సొరుగులు ఒక్కోటీ మూస్తూ అంది. "ఈ మధ్య మనిద్దరి మధ్యా గుండీల మాట తప్ప ఇంకో మాట లేదు. మీరు నన్ను ఇక్కడ ఉంచుకోవాలనుకునేది నేనంటే ఇష్టమనా, పనికొస్తాననా? అది తేలకుండా నేను జవాబివ్వలేను. ఒక పని చేద్దాం. నెలాఖరు దాకా రోజూ షట్టరు దించేముందు ఇద్దరం ఈ మెట్టు మీద కూర్చుందాం. ఆ రోజు నాలో మీకు నచ్చింది ఒక్కటి మీరు చెప్పండి. మీలో నచ్చింది నేను చెప్తాను."

"ఒక్కటేనా?"

"ఒక్కటి చాలు. కానీ ఏ రోజుది ఆ రోజే, తాజాగా ఉండాలి. అమ్మకాల మాట అందులో రాకూడదు. 'ఫలానా ఆవిడకి లేసు భలే అంటగట్టావ్' లాంటివి చెల్లవు."

ఇంత సులువైన షరతు ఎవరైనా కాదంటారా? బేరం కుదిరిపోయింది అనుకున్నాను.

మొదటి సాయంత్రం మెట్టు మీద కూర్చుని గొంతు సవరించుకున్నాను. ఎదురుగా దర్జీ మిషను తొక్కుతూ మావైపే చూస్తున్నాడు.

"నువ్వు... ఇవాళ బాగానే ఉన్నావు" అన్నాను.

"నిన్న బాలేనా?"

"నిన్న కూడా... అదే, ఎప్పటిలాగే."

"ఇది మీ నాన్నగారి కాలం నాటి సరుకు. వేరేది చూపించండి."

చాలాసేపు నీళ్లు నమిలి, ఆఖరికి, "మధ్యాహ్నం దారప్పోగు పళ్ల మధ్య పెట్టుకుని ఏదో కూనిరాగం తీశావు, అది బాగుంది" అన్నాను. ఆవిడ మొహం ఎర్రబడింది. పెళ్లయిన ఇన్నేళ్లకి! తర్వాత ఆవిడ వంతు వచ్చింది. "వానకి తడిసి వచ్చిన పెద్దాయన ఏమీ కొనకపోయినా కుర్చీ వేసి కూర్చోబెట్టారు. అది నాకు నచ్చింది."

వాన వెలిసేలోపు ఏదో ఒకటి కొనకపోతాడా అని వేసిన కుర్చీ అది. ఆ సంగతి నేను చెప్పలేదు. కానీ మెట్లెక్కుతుంటే నాకు తెలియకుండానే ఈల వేస్తున్నాను. గదిలోంచి మా అమ్మ, "ఏరా, పెద్ద బేరం ఏదైనా తగిలిందా?" అని అడిగింది. మర్నాడు ఒకావిడ ఊరికే దారి అడగడానికి వస్తే ఆవిడకీ కుర్చీ వేశాను. వేసి, మా ఆవిడ చూసిందో లేదో అని ఓరకంట చూసుకున్నాను.

రోజులు గడిచేకొద్దీ సరఫరా కష్టమైంది. సాయంత్రానికి ఒళ్లు హూనమై ఉంటుంది, ఏదీ తోచదు. ఒకరోజు "నీ చెప్పులు బాగున్నాయి" అన్నాను. "చెప్పులు ఎంచింది అత్తయ్య. ఆవిణ్ణి మెచ్చుకోండి" అని ఆవిడ లేచిపోయింది. ఇలాంటివి ఇంకో రెండు పడితే నెలాఖరుకి మనిషి కంపెనీకే. వ్యాపారస్తుణ్ణి, చేతులు ముడుచుకుని కూర్చుంటానా? సరుకు కొరత ఉన్నప్పుడు ఎవరైనా ఏం చేస్తారో నేనూ అదే చేశాను.

ఆదివారం కొట్టుకి సెలవు. మా ఆవిడ పైన బట్టలు ఆరేస్తుంటే నేను కిందకి దిగి, షట్టరు సగం ఎత్తి, ఆ వెలుతురులో ఒక్కణ్ణే కూర్చుని, రాబోయే రోజులకి సరిపడా మెచ్చుకోళ్లు టోకున సమకూర్చుకున్నాను. కాగితం మీద పెట్టలేదు, అంత తెలివితక్కువవాణ్ణి కాను. ఒక్కో సొరుగువైపు చూసి ఒక్కోటి మనసులో వేసుకున్నాను. ఆవిడ ఎప్పుడూ చేసే పనులే ఎంచుకున్నాను కాబట్టి ఏ రోజు తీసినా తాజాగానే కనిపిస్తాయి. పసిపిల్లల గౌను గుండీల్లాంటివి మామూలు రోజులకి. కాస్త మెరుపున్నవి మధ్యమధ్యలో. పెద్ద కోటు గుండీలాంటిది ఒక్కటి మాత్రం, బాగా గొడవపడ్డ రోజు కోసం అట్టడుగున దాచాను.

పథకం బ్రహ్మాండంగా నడిచింది. "పొద్దున్నే కిటికీ తెరిచి ఒక్క నిమిషం అలా నిలబడతావు చూడు, ఇవాళ కూడా నిలబడ్డావు" అంటే ఆవిడ తల పక్కకి వాల్చి విన్నది. మర్నాడు "అద్దం ముందు నీలో నువ్వే నవ్వుకున్నావు" అంటే భుజంతో నా భుజాన్ని తోసింది. ఇంకో రోజు, కొత్త సరుకు సంచీలు ఎక్కడ పెట్టాలన్న దాని మీద నిజంగానే గొడవైంది. మూతులు ముడుచుకునే ఇద్దరం మెట్టు మీద కూర్చున్నాం. ఆవిడే ముందు అందుకుంది. "ఇవాళ మీలో నాకు నచ్చింది, మధ్యాహ్నం రెండు గంటలసేపు మీరు కొట్లో లేకపోవడం."

ఎదురుగా దర్జీ కిసుక్కున నవ్వాడు. తర్వాత ఆవిడ, ఆ తర్వాత నేను. పెద్ద గుండీ తీయాల్సిన పనే పడలేదు. అది మిగిలిందని లోలోపల లాభం వేసుకున్నాను.

"ఈ మధ్య మీ దగ్గర సరుకు బాగా దిగుతోందే" అంది ఓసారి, అనుమానంగా.

"అలవాటైంది" అన్నాను, ఏమీ ఎరగనట్టు మొహం పెట్టి.

జవాబు చెప్పాల్సిన వారం వచ్చింది. "ఒకసారి వచ్చి మా పని చూడండి, చూశాకే చెబుదురుగాని" అని మేడమ్ కబురు పెట్టడంతో మా ఆవిడ పొద్దున్నే బస్సెక్కి వెళ్లింది. ఆ రోజు కొట్టు నన్ను మూడు చెరువుల నీళ్లు తాగించింది. నేను నీలం అని ఇచ్చిన గుండీని ఒకావిడ ఊదా అని తిప్పికొట్టింది. ఒకాయన "గుండీలమ్మ లేదా, అయితే రేపొస్తా" అని మెట్టు మీంచే వెనక్కి తిరిగాడు. మధ్యాహ్నం పైకి పరుగెత్తి అమ్మ కళ్లలో మందు చుక్కలు వేశాను. అవి రోజూ మా ఆవిడ వేసేవి. "ఏం చెయ్యిరా అది, మేకులు కొట్టే చెయ్యిలా ఉంది" అని అమ్మ నన్ను తిట్టిపోసింది. సాయంత్రానికి నేను పిండి ఆరేసిన గుడ్డలా తయారయ్యాను.

షట్టరు దించే వేళకి మా ఆవిడ బస్సు దిగి వచ్చింది. నేరుగా మెట్టు మీద కూర్చుని, "ఊఁ, చెప్పండి" అంది. అలసిన బుర్ర ఆలోచించలేదు. వరసలో ముందున్నదాన్ని తీసి అందించేసింది.

"ఇవాళ మధ్యాహ్నం అమ్మ కళ్లలో చుక్కలు వేస్తుంటే, ఆవిడ ఎంత విసుక్కున్నా నువ్వు నవ్వుతూనే ఉన్నావు. అది నాకు చాలా నచ్చింది."

ఆవిడ నా వైపు తిరిగి చూసింది. "మధ్యాహ్నం నేనెక్కడున్నాను?"

"పైన, అమ్మ దగ్గ..." అప్పుడు తెలిసింది, పప్పులో కాలేశానని.

"చుక్కలు వేసిందెవరు?"

"నేనే."

"అత్తయ్య విసుక్కున్నది ఎవరి మీద?"

"నా మీదే."

మిషను చప్పుడు ఆగిపోయింది. దర్జీ గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. ఇన్నాళ్ల శ్రమా ఒక్క తప్పుడు సరఫరాతో మునిగిపోయింది, ఇక ఆవిడ నన్ను నమ్మదు, రేపే కంపెనీలో చేరిపోతుంది అనుకున్నాను.

"ఎప్పుడు కొన్నారిది?" అంది నిదానంగా.

"ఆదివారం."

"టోకునా?"

తల ఊపాను. ఆవిడ చేతుల్లో మొహం దాచుకుంది. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తోందనుకుని చెయ్యి వేయబోయాను. అంతలో ఆ నవ్వు బయటికొచ్చింది, వీధి చివరిదాకా వినిపించేలా. నవ్వు ఆపుకోలేక షట్టరు పక్క గోడకి ఆనుకుని, "వినవయ్యా మరిదీ, నన్ను మెచ్చుకోవడానికి మీ అన్న గోడౌన్ పెట్టాడు!" అంది.

"మొదట్నుంచీ వింటూనే ఉన్నా వదినా" అన్నాడు వాడు. "అన్నా, నాకూ ఓ అరడజను ఇయ్యి, మా ఇంట్లో వాడుకుంటా."

"ఇంకా ఎన్నున్నాయి లోపల?" అని ఆవిడ నన్ను నిలదీసింది.

"మూడు రోజులకి సరిపడా."

"దించెయ్యండి. అన్నీ, ఇప్పుడే. నా పేరు మీద సరుకు గోడౌన్‌లో మూలగడం నాకిష్టం లేదు. రేపటిదేంటి?"

"ఫోన్‌లో మీ అక్కతో మాట్లాడేటప్పుడు గోడ మీద వేలితో బొమ్మలు గీస్తావు."

"ఎల్లుండిది?"

"కోపమొస్తే గిన్నెలు దబదబలాడించవు, ఇంకా నెమ్మదిగా పెడతావు. చూస్తే భయమేస్తుంది, కానీ నచ్చుతుంది."

"ఆ తర్వాత?"

"నీకు తెలియని మాట ఎవరైనా అంటే, సిగ్గుపడకుండా అదేంటని అడుగుతావు. నేనైతే తెలిసినట్టు తలూపుతాను."

పై కిటికీలోంచి మా అమ్మ, "కింద ఏం వేలంపాటరా అది?" అని కేకేసింది.

"అంతేనా? అడుగున ఏమీ లేదా?" అంది మా ఆవిడ. నా కొట్టు పద్ధతులన్నీ ఆవిడకి తెలుసు.

"ఒకటుంది. బాగా గొడవపడ్డ రోజుకని దాచింది."

"అదీ తీయండి."

దర్జీ ఎదురుగా అనడం కష్టమే అయింది. అయినా అన్నాను. "నువ్వు రాకముందు పొద్దున్నే ఈ షట్టరు ఎత్తాలంటే నాకు ఏడుపొచ్చేది. నాన్న అమ్ముకోలేని సరుకుకి కాపలా కాస్తున్నట్టుండేది. నువ్వు ఆ స్టూలు మీద కూర్చున్నాకే ఇది నా కొట్టు అనిపించింది."

ఆవిడ నవ్వడం ఆపేసింది. దర్జీ లోపలికి వెళ్లిపోయి, లేని పని కల్పించుకుని మిషను తొక్కాడు.

తర్వాత ఆవిడ, "బాగున్నాయి. కానీ ఇవన్నీ పాతవి. ఇవాళ్టిది ఇంకా రాలేదు" అంది.

"ఇవాళంతా నువ్వు నా కళ్లముందు లేవు కదా, ఏం చెప్పను?"

"బస్సు దిగినప్పట్నుంచీ ఉన్నాను."

లోపల సొరుగులన్నీ ఖాళీ. చూసి చెప్పాల్సిందే. చూశాను. చూస్తే ఇందాక ఆవిడ నడిచొచ్చిన తీరు కళ్లలో మెదిలింది.

"నువ్వు మలుపు తిరిగి వస్తుంటే ముందు వేరే ఎవరో అనుకున్నాను. చేతులు ఊపుకుంటూ, నీలో నువ్వే ఏదో చెప్పుకుంటూ, దారిలో జనం ఉన్నారని కూడా చూడకుండా నడిచావు. నీ మొహం అలా వెలగడం చూసి చాన్నాళ్లయింది. అక్కడ నీకు నచ్చింది కదూ?"

"పెద్ద బల్ల చూపించారండీ" అంది ఆవిడ, చిన్నపిల్లలా. "కిటికీ పక్కన. బల్ల నిండా గుడ్డ ముక్కలు. కర్రతో చేసినవి, కొమ్ముతో చేసినవి, నేను ఇంతవరకూ వేలితో తాకని గుండీలు. నాకు తెలియనివి ఇంకా ఎన్నున్నాయో! మధ్యాహ్నం ఆకలి సంగతే మర్చిపోయాను."

బేరంలో ఒక క్షణం వస్తుంది. ఎదుటివాళ్లకి ఆ సరుకు ఎంత కావాలో మనకి తెలిసిపోతుంది. సరిగ్గా అప్పుడే ధర పెంచుతాం. నాకు ఆ క్షణం చేతికి దొరికింది. 'మరి కొట్టు గతేంటి, అమ్మని ఎవరు చూస్తారు' అని ఒక్క మాట విసిరితే ఆవిడ ఆగిపోయేది. మాట నాలుక చివరిదాకా వచ్చింది. కానీ ఆ వెలుగు బాగుందని ఇప్పుడే నా నోటితో నేనే అన్నాను. బాగుందన్నదాన్ని నేనే ఆర్పేస్తే, ఇందాక దించినవన్నీ, పెద్ద గుండీతో సహా, గిల్టు సరుకే అవుతాయి.

"వెళ్లు" అన్నాను.

"ఈ 'వెళ్లు' కూడా ఆ 'నీ ఇష్టం' లాంటిదేనా?"

"కాదు. నువ్వు వెళ్లకూడదనే ఈ తంటాలన్నీ పడ్డాను. ఇప్పుడు వెళ్తేనే నాకిష్టం. కొట్టు సంగతి నేను చూసుకుంటాను. నీలం ఏదో ఊదా ఏదో నేర్చుకోలేనా?"

"నేర్చుకోలేరు" అంది. అని, వీధిలో ఉన్నామని కూడా చూడకుండా నా చెయ్యి పట్టుకుంది. "నా వంతు మిగిలింది. ఇవాళ మీలో నాకు నచ్చింది, నేను చెప్పకుండానే గుర్తుపెట్టుకుని అత్తయ్య కళ్లలో చుక్కలు వేశారు. ఈ సంగతి నాకు తెలియాలంటే మీరు నోరు జారాల్సి వచ్చింది."

"వేశాడే గానీ, సగం చెంప మీద వేశాడు" అంది అమ్మ, కిటికీలోంచి.

మా ఆవిడ పనిలో చేరింది. రోజూ పొద్దున్నే బస్సుకి వెళ్లేముందు నాకో పాఠం. కళ్లు మూసుకోమని, అరచేతిలో గుండీ పెట్టి, ఏ సొరుగుదో చెప్పమంటుంది.

"చల్లగా ఉంది. లోహం" అన్నాను ఒకరోజు ధీమాగా.

"ప్లాస్టిక్. చన్నీళ్లలో వేసి తెచ్చాను, మోసపోతారా లేదా అని."

"పెళ్లాం దగ్గర కూడా జాగ్రత్తగా ఉండాలన్నమాట."

"పెళ్లాం దగ్గర కాదు. సరుకు దగ్గర."

ఆ పూటంతా తలుచుకుని నవ్వుకుంటూనే ఉన్నాను.

సాయంత్రం షరతు నెలాఖరుతో తీరిపోవాలి. తీరలేదు. ఆపుదామని ఆవిడా అనలేదు, నేనూ అనలేదు. ఇప్పుడిక టోకు పనికిరాదు. పగలంతా ఆవిడ నా కంటికి కనబడదు కాబట్టి, దొరికిన కాసేపట్లోనే కళ్లు పెట్టి చూడాల్సి వస్తోంది. అలా చూడటం మొదలుపెట్టాక, ఒక్కటి ఏరడమే కష్టంగా ఉంది. అమ్మ కూడా కుర్చీ వేయించుకుని కిందకి దిగుతోంది. "మీలో మీరే ఇచ్చిపుచ్చుకుంటారు, నాకు కొసరైనా వెయ్యరా?" అని అడిగి మరీ తీసుకుంటుంది. తన వంతు వస్తే మాత్రం రోజూ కోడలికే ఇస్తుంది. నా గురించి ఇంతవరకూ ఒక్కసారే అంది. "ఇవాళ చుక్కలు కంట్లోనే పడ్డాయి."

ఇక లెక్క తేల్చేస్తాను. పోయినవి, నా కళ్లని నమ్మలేక వేరే కొట్టు చూసుకున్న కొందరు, పగటిపూట మాట కలిపే మనిషి, అడగకుండానే చేతికొచ్చే నాలుగు గంటల టీ. వచ్చినవి చాలా ఉన్నాయి. ఎడమ గోడ సొరుగులన్నీ నా వేళ్లకి తెలిశాయి, కుడి గోడ సగం దాకా వచ్చాను. ఏ కోటుకి ఏ గుండీ ఎందుకు పెట్టిందో చెబుతూ మా ఆవిడ మెట్టు మీద కూర్చుంటుంది, వింటూ నేను షట్టరు దించడం మర్చిపోతాను. దర్జీ, వాళ్లావిడా కూడా ఈ మధ్య వాళ్ల గుమ్మంలో కూర్చుంటున్నారు. ఆవిడ నవ్వితే మా దాకా వినిపిస్తుంది. అది మేం ఊరికే ఇచ్చిన సరుకు, అయినా రాబడి కింద మా లెక్కలోనే వేసుకున్నాను. తరుగు తీసేసి చూస్తే, పెళ్లయిన మొదటేడు కన్నా ఇప్పుడే మేం ఒకరి మొహం ఒకరం ఎక్కువ చూసుకుంటున్నాం. ఎటు కూడినా లాభంలోనే ఉన్నాం.